మైకు పిన్ని వినబోయిన నిశ్శబ్దం

వీధిలో అందరూ ఆమెను మైకు పిన్ని అనే అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ వాళ్ళ నోట్లో పంచదార పొయ్యాలి, అంత చక్కగా అతికింది. మేడ మీద కిటికీలో నిలబడి ఆమె పక్కింటావిడకు రహస్యం చెబితే, వీధి చివర రొట్టెల షాపతను పొయ్యి ముందు నుంచే "అయ్యో పాపం" అనేవాడు.

తప్పు గొంతుది కాదు. బట్టల మిల్లులో, మగ్గాల హాల్లో, పెళ్ళికి ముందు నుంచి పనిచేసిన గొంతు అది. ఆ హాలు తలుపు తీస్తే చప్పుడు చెవికి వినపడదు, వచ్చి గుండెల మీద గుద్దుతుంది. లోపల నూలు దుమ్ము, నూనె వాసన, వరసలు వరసలుగా ఊగిపోయే మగ్గాలు, వాటి కింద అరిగి నున్నబడ్డ చెక్క నేల. అక్కడ మాట్లాడుకోవాలంటే నోరు పెద్దగా తెరిచి పెదవులతో ఆకారం చూపించాలి, మిగతాది చేతులతో చెప్పాలి. మిల్లులో చేరిన కొత్తలో ఎవరికైనా ముందు అబ్బే విద్య ఇదే. రెండో విద్య ఇంకా చిత్రమైనది. మగ్గం లోపల ఏదైనా వదులైతే ఆ గోలలో చెవికి తెలిసే దారే లేదు. అందుకని మగ్గాలవాళ్ళు బూటు విప్పి ఉత్తి పాదం నేల మీద ఆనిస్తారు. పాదానికి వచ్చే అదురును బట్టి ఏ మగ్గానికి ఒంట్లో బాగాలేదో చెప్పేస్తారు. మైకు పిన్ని ఈ పని ఎంత అలవాటుగా చేసేదంటే, అదొక విద్య అని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

ఆ హాలు మొత్తం ఒక్కసారిగా ఆగడమన్నది ఉండదు. పని అయిపోయినప్పుడు కూడా వరస తరవాత వరస మెల్లగా ఆగుతుంది. అన్నీ ఒకేసారి ఆగాయంటే ఎవరో గోడ మీది పెద్ద స్విచ్చి లాగారని అర్థం. స్విచ్చి లాగారంటే ఎవరి చెయ్యో యంత్రంలో పడిందని అర్థం. అలాంటి నిశ్శబ్దం పడగానే హాల్లో ఆడవాళ్ళందరూ ఒకే మాట అరుస్తారు, "ఎవరి చెయ్యి?" అని. ఒకసారి ఆ చెయ్యి పిన్ని ఆడపడుచుది. ఎడమ చేతి చిటికెన వేలు పోయింది.

ఈ ఆడపడుచు గురించి కాస్త చెప్పాలి. ఈమే, పిన్నీ ఒకే ఈడువాళ్ళు. ఎవరు పెద్దో తేలక ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఏటా మిల్లు సెలవులివ్వగానే వీపున పెద్ద సంచి తగిలించుకుని కొండల వెనక ఉన్న అడవికి పోతుంది. ప్రభుత్వం పార్కు అని పేరు పెట్టిందే గానీ అందులో పార్కు లక్షణం ఒక్కటీ లేదు. రోడ్డు వెయ్యరు, కాలిబాట వెయ్యరు, వంతెన కట్టరు, బోర్డు పాతరు. అలా ఏమీ కట్టకుండా ఉంచడానికే కాపలా పెట్టారు. ఆడపడుచు అక్కడ రోజుల తరబడి నడిచి, ఎక్కడ పొద్దు వాలితే అక్కడ టెంటు వేసుకుని, ముక్కు మీద చర్మం ఊడి ఇంటికొచ్చేది. ఏం చూశావని అడిగితే ప్రతిసారీ ఒకటే చెప్పేది.

"అక్కడ ఏమీ వినపడదు వదినా."

ఇన్నాళ్ళూ పిన్ని ఆ మాటను నవ్వుతూ కొట్టిపారేసింది. మిల్లు నుంచి రిటైరయ్యాక చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు మాత్రం అది గుర్తొచ్చింది. డాక్టరమ్మ గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, పరీక్షలన్నీ చేసి, ఉన్న కాస్త వినికిడి కూడా మెల్లగా పోతుందని చెప్పింది. మందు లేదట. చెవిలో ఎప్పుడూ వినిపించే హోరు మాత్రం పోకపోవచ్చట. అంటే మనుషుల మాట పోతుంది, మిల్లు చప్పుడు మిగులుతుంది. పిన్ని ఇంటికొచ్చి మెట్ల మీద కూలబడింది. బతుకంతా చప్పుడులో గడిచింది, ఒక్కసారైనా చప్పుడు లేని చోటు ఎలా ఉంటుందో వినకుండానే తలుపు మూసేస్తారా అని ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

ఆ సాయంత్రమే ఆడపడుచుకు కబురు పెట్టింది, ఈసారి నేనూ వస్తానని.

పిన్ని మొగుడికి ఇంటి కింద బూట్ల రిపేరు షాపు. కింద ఆయన సుత్తి, పైన వీళ్ళ కాపురం, మధ్యలో చెక్క నేల. సంగతి విని ఆయన మేకులు నోట్లో పెట్టుకునే నవ్వాడు.

"ఏమీ వినపడకపోవడానికి అంత దూరం నడవాలా? చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటే చాలదా?"

పిన్ని ఆ మాట చెవిన పెట్టలేదు. ఆయనా రెండోసారి అనలేదు. మర్నాటి నుంచి ఆయన షాపులో పిన్ని పాత బూట్లు బల్లెక్కాయి. వాటికి మందపాటి రబ్బరు అడుగు వేశాడు, లోపల ఉన్ని పరిచాడు, కుట్లకు మైనం పట్టించాడు. ఎవరైనా అడిగితే బేరమని చెప్పాడు. నేల మీద ఉన్న గులకరాయి కూడా ఆ అడుగుల్లోంచి తెలియకూడదని ఆయన పంతం. ఆ సంగతి తరవాత వస్తుంది.

చలికాలం తొంగిచూస్తున్న రోజుల్లో ఇద్దరూ బయల్దేరారు. అడవి మొదట్లో చెక్క గుడిసె ఒకటి, అందులో కాపలాదారు ఒకడు. అతను వీళ్ళ సంచులు విప్పించి టెంటు, స్లీపింగ్ బ్యాగులు, చిన్న స్టవ్వు, ఎండు తిండి, తాడు, మ్యాపు, దిక్సూచి అన్నీ చూశాడు. మొదటిసారి వస్తున్న పిన్నిని టెంటు వేసి చూపించమన్నాడు. అంతకు ముందు వారం రోజులు ఇంటి డాబా మీద అదే పని చేసి ఉండటంతో ఆవిడ చకచకా వేసి పారేసింది. అప్పుడతను నెమ్మదిగా చెప్పాడు: ఈ గుడిసె దాటితే నేనుండను, ఎవరూ ఉండరు, ఫోను పలకదు, దారి తప్పితే మీరే వెతుక్కోవాలి, తెచ్చిన చెత్త మీరే వీపున వేసుకుని తిరిగి తేవాలి. పిన్ని అన్నిటికీ తలూపింది. సగం వినపడలేదు.

మొదటి రోజు ఆమె చూసిందల్లా తన బూట్లనే. సంచి బరువుకు భుజాలు లాగేస్తున్నాయి. చెట్లు ఎవరూ నరకనివి, ఎవరూ నాటనివి. పడిపోయినవి పడిపోయిన చోటే ఉన్నాయి, వాటి మీద నాచు, నాచులోంచి పిల్ల చెట్లు. ఒక చెట్టును దాటాలంటే దాని వెంబడి చాలాసేపు నడిచి కొస దాకా పోవాల్సి వచ్చింది. ఇంత పెద్దది ఎప్పుడు పడిందో, పడినప్పుడు ఎంత చప్పుడయ్యిందో, వినడానికి ఒక్క మనిషీ లేడు కదా అనుకుంది పిన్ని. ఆ ఆలోచనకు ఒళ్ళు జలదరించింది. మనుషులు లేకపోతే ప్రపంచం ఆగిపోయి ఉంటుందని ఆమె ఇన్నాళ్ళూ ఎందుకో అనుకుంటూ వచ్చింది. ఇక్కడ చూస్తే అది తన మానాన తాను హాయిగా ఉంది.

రెండో రోజు ఏరు అడ్డం వచ్చింది. వంతెన లేదని ముందే తెలుసు గానీ, లేని వంతెనను కళ్ళారా చూడటం వేరు. నీళ్ళు రాళ్ళ మీద పడి పాలలా పొంగుతున్నాయి, ఆ హోరుకు పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. ఇంకెవరైనా అయితే అక్కడే గాభరా పడిపోయేవాళ్ళు. వీళ్ళకు మాత్రం మిల్లులోకి అడుగుపెట్టినట్టయింది. ఆడపడుచు కర్ర పట్టుకుని ముందు దాటి, అవతలి ఒడ్డున నిలబడి పెదవులతో, చేతులతో అంతా చెప్పింది: సంచి పట్టీలు వదులు చెయ్యి, పడితే సంచి నిన్ను లాగేస్తుంది, ప్రవాహానికి ఎదురు తిరిగి అడుగు వెయ్యి, నీళ్ళ వంక చూడకు, నా వంక చూడు. పిన్ని ఒక్క ముక్క పోకుండా అందుకుంది. నీళ్ళు మోకాళ్ళు కోసేస్తుంటే, నడి ఏట్లో నిలబడి ఆమె తిరిగి చేతులతో చెప్పింది, మీ అన్న చూస్తే ఈ బూట్లు తడిపినందుకు నన్ను చంపేస్తాడని. ఆడపడుచు ఒడ్డున పొట్ట పట్టుకుని నవ్వింది.

ఏరు దాటాక అడవి పలచబడింది. ఎక్కారు, ఇంకా ఎక్కారు. చివరికి ఒక కనుమ దాటగానే పిన్ని కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

ఎదురుగా ఒక లోయ. చుట్టూ నల్లటి కొండలు, నెత్తిన మంచు. నడుమ ఈ కొస నుంచి ఆ కొస దాకా సరస్సు, పైన గాజులా గడ్డకట్టి ఉంది. ఒడ్డున దుప్పుల మంద ఒకటి తల ఎత్తి వీళ్ళను చూసి, కొత్తవాళ్ళని గమనించి, మళ్ళీ మేతలో పడింది. పారిపోనే లేదు. మనిషిని చూస్తే పారిపోవాలని వాటికి ఎవరూ నేర్పలేదు మరి. ఎక్కడా ఒక స్తంభం లేదు, తీగ లేదు, పొగ లేదు. తన ఇల్లు, వీధి, మిల్లు అన్నీ తెచ్చి ఇక్కడ పెడితే ఒక మూల కూడా నిండదని అనిపించింది. అలా అనిపిస్తే చిన్నబుచ్చుకోవాలి గానీ, ఆమెకు ఎందుకో ఊపిరి తేలికైంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, ఎవరు చూస్తారు గనక.

సరస్సు ఒడ్డున టెంటు వేశారు. అంతసేపూ కొండ మీంచి గాలి వీస్తూనే ఉంది, టెంటు గుడ్డ పటపటా కొట్టుకుంటోంది. పిన్ని లోపల బూట్లు విప్పి, స్లీపింగ్ బ్యాగు పరిచి, నడుం వాల్చింది. ఆడపడుచు బయట స్టవ్వు వెలిగిస్తోంది. పొద్దు కొండల వెనక్కి జారింది.

అప్పుడు గాలి ఆగింది. మెల్లగా కాదు, టక్కున ఆగింది.

పిన్ని ఏం చేసిందో ఆమెకే తెలియదు. ఉత్తి మేజోళ్ళతోనే టెంటు చింపినంత పని చేసి బయటికి ఉరికింది.

"ఎవరి చెయ్యి?"

ఆ కేక కొండలకు కొట్టుకుని మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చింది. దుప్పులు తలలెత్తాయి. ఆడపడుచు స్టవ్వు దగ్గర కొయ్యబారిపోయింది. పిన్ని ఆమె రెండు చేతులూ లాక్కుని ఒక్కొక్క వేలూ పట్టి చూసింది. తొమ్మిదీ ఉన్నాయి. ఉండాల్సినవన్నీ ఉన్నాయి. అప్పటికి గానీ ఆమెకు తానెక్కడుందో తెలిసిరాలేదు.

ఆడపడుచు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, పెదవులు కదిపి, చేతులు ఊపి మిల్లు భాషలో చెప్పింది, మొదటి ఏడాది నేనూ అంతే చేశానని. నా చేతులు నేనే లెక్కపెట్టుకున్నాను, పక్కన ఎవరూ లేరుగా అంది. అప్పుడు ఇద్దరికీ నవ్వు పుట్టుకొచ్చింది. చాలాసేపు ఆగలేదు.

నవ్వు తగ్గాక పిన్ని తాను వచ్చిన పని మీద కూర్చుంది. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి విన్నది. ఏదీ, ఆ ఏమీ వినపడకపోవడం ఎక్కడ? చెవుల్లో హోరు తప్ప ఇంకేం లేదు. అదే హోరు, అదే మిల్లు. ఇంట్లో పగటి చప్పుళ్ళ చాటున కాస్త అణగి ఉండేది, ఇక్కడ అడ్డం లేక మొత్తం లేచి కూర్చుంది. ఇంత దూరం మోసుకొచ్చిన సంచిలో మిల్లును కూడా సర్దుకొచ్చినట్టయింది. ఆడపడుచు ముఖం చూస్తే తెలుస్తోంది, ఆమె ఆ నిశ్శబ్దంలో హాయిగా మునిగి ఉందని. పిన్ని టెంట్లోకి పోయి గుడ్డ వైపు తిరిగి పడుకుంది. ఆలస్యమైపోయింది, ఇరవై ఏళ్ళ కిందట రావాల్సింది, అనుకుని కుమిలిపోయింది.

తెల్లవారేసరికి చలి కొరికేస్తోంది. పిన్ని బూట్లు తొడుక్కుని గిన్నె పట్టుకుని నీళ్ళకు పోయింది. ఒడ్డున ఒక చదును బండ సగం నేలలో, సగం గడ్డకట్టిన సరస్సులో బిగుసుకుని ఉంది. దాని పక్కన మంచు పెచ్చు పగలగొడుతుంటే వెనకాల ఆడపడుచు ఉలిక్కిపడి సరస్సు కేసి చూడటం ఆమె కంటపడింది. ఏమైందని అడిగింది.

"సరస్సు మూలుగుతోంది వదినా. చలికి మంచు బిగుసుకుంటే అలా అంటుంది. వినపడలేదూ?"

వినపడలేదు. ఇంత పెద్ద సరస్సు నోరు విప్పితే కూడా వినపడలేదంటే, డాక్టరమ్మ చెప్పిన రోజు వచ్చేసినట్టే. ఆడపడుచు మళ్ళీ సరస్సు కేసి తల తిప్పింది. మళ్ళీ మూలిగిందన్నమాట. పిన్ని కళ్ళు మాత్రమే పనిచేస్తున్నాయి.

అప్పుడు ఆమె కాళ్ళు ఒక పని చేశాయి. ఆలోచించి చేసింది కాదు. మిల్లులో వేలసార్లు చేసినట్టే, వంగి కుడి బూటు లేసు విప్పింది, మేజోడు లాగేసింది, ఉత్తి పాదం బండ మీద ఆనించింది. చలి సూదిలా దిగింది. తరవాత రెండోది కూడా విప్పింది. మొగుడు అంత ప్రేమగా వేసిన మందపాటి అడుగులు పక్కన పడి ఉన్నాయి. నేల సంగతి ఏదీ ఆమెకు తెలియనివ్వకుండా మూడు రోజులు కాపాడాయవి.

వచ్చింది. ముందు మడమల్లో, తరవాత పిక్కల్లో, మోకాళ్ళలో, నడుములో. సరస్సు అవతలి కొసలో ఎక్కడో పుట్టి, మంచు కింద నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, ఆమె కాళ్ళ కిందుగా దాటి కొండలోకి పోయింది. ఒక్క అదురు కాదు. పొడుగ్గా, లోతుగా, చివర కాస్త వణుకుతూ. ఎన్ని వేల మగ్గాలు కలిసినా అంత గొంతు రాదు. మళ్ళీ వచ్చింది, ఈసారి అడ్డంగా. పక్కటెముకలు కంపించాయి. పిన్ని తెలియకుండానే రెండు చేతులూ జోడించింది. చెవిలో హోరు హోరుమంటూనే ఉంది, అదెంత, దాని బతుకెంత. తాను పుట్టకముందు నుంచి ప్రతి చలికాలమూ ఎవరు విన్నా వినకపోయినా ఈ సరస్సు ఇలా మూలుగుతూనే ఉంది, ఇవాళ తన ఒంట్లోంచి దారి చేసుకుని పోయింది. భయమేసింది, సంతోషమేసింది. ఆ రెండూ వేరువేరని అప్పుడు ఆమెకు తోచలేదు.

ఆమె ఏదో అంది. పక్కకొచ్చి నిలబడ్డ ఆడపడుచు ముందుకు వంగింది.

"ఏంటి వదినా? వినపడలేదు, కొంచెం గట్టిగా చెప్పు."

పుట్టి బుద్ధెరిగాక పిన్నిని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. పిన్ని మళ్ళీ చెప్పలేదు. వేళ్ళు నీలం తిరిగేదాకా బండ మీదే నిలబడింది. చివరికి ఆడపడుచే తిట్టి, పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్ది, బూట్లు తొడిగింది.

ఇంటికొచ్చాక పిన్ని ఎవరికీ పెద్దగా కథలు చెప్పలేదు. మొగుడికి మాత్రం సరస్సు సంగతి చెప్పింది. ఆయన విని, నా అడుగులు విప్పేశావన్నమాట, అన్నాడు. కోపమో కాదో తెలియలేదు. అప్పటి నుంచి ఆవిడ ఇంట్లో ఉత్తి కాళ్ళతోనే తిరగడం మొదలుపెట్టింది. బూట్ల షాపువాడి పెళ్ళానికి కాళ్ళకు ఏమీ లేవంటే నలుగురూ ఏమనుకుంటారని ఆయన సణిగేవాడు. ఆ సణుగుడు ఆమెకు రానురాను పెదవుల కదలికగానే మిగిలింది.

చెట్లు చిగురేసే రోజుల్లో ఒక ఉదయం వినికిడి పూర్తిగా పోయింది. లేచేసరికి కుళాయి నీళ్ళు చప్పుడు లేకుండా పడుతున్నాయి. కిటికీ తెరిస్తే వీధి మొత్తం మూగ బొమ్మలాట. పిన్ని వంటగదిలో కుర్చీలో కూర్చుని ఒళ్ళో చేతులు పెట్టుకుంది. వస్తుందని తెలిసినదే. తెలిసినంత మాత్రాన తేలికేం కాలేదు.

కింద ఆయన పిలిచాడు. టీ వేళకు రోజూ పిలిచేదే. పలుకు లేదు. మళ్ళీ పిలిచాడు. మెట్ల మొదట్లోకి వచ్చి పైకి చూశాడు. పలుకు లేదు. ఆయన ముఖం పాలిపోయింది. తరవాత షాపులోకి పోయి, సుత్తి తీసుకుని, స్టూలెక్కి, వంటగది నేలను మోసే దూలం మీద కొట్టాడు. ఆగాడు. మళ్ళీ కొట్టాడు.

పైన పిన్ని పాదాల్లోకి వచ్చింది. మడమల్లో, పిక్కల్లో, మోకాళ్ళలో. ఆమె తల ఎత్తింది. ఆ సుత్తిని ఆమె ఎన్ని సుత్తుల మధ్యనైనా గుర్తుపడుతుంది. అది తోలు మీద పడ్డ దెబ్బ కాదు, మేకు మీద పడ్డదీ కాదు. తన కోసం కొట్టింది. మళ్ళీ వచ్చింది, ఈసారి కాస్త తడబడుతూ, కాస్త గట్టిగా.

ఆమె కళ్ళు తుడుచుకుని లేచి మెట్ల దగ్గరికి వచ్చింది. కింద ఆయన సుత్తి ఎత్తి పట్టుకుని, స్టూలు మీద, పైకే చూస్తున్నాడు. ఆ రోజు సరస్సు ఒడ్డున పలికినంత మెల్లగా చెబుతున్నాననే అనుకుంది పిన్ని.

"అంత గట్టిగా కొట్టకండి. వినపడుతోంది."

వీధి చివర రొట్టెల షాపతనికి కూడా వినపడింది.